సాధన తగ్గిన ఏడాదిలో ప్రొ లైసెన్సు చేతికొస్తే

ఈత, సైక్లింగ్, పరుగు వరుసగా సాగే ట్రయథ్లాన్‌లో, వృత్తి క్రీడాకారులుగా పోటీపడేందుకు ఇచ్చే ప్రొ లైసెన్సును గడిచిన ఫలితం చూసి ఇస్తారే తప్ప నేటి సన్నద్ధతను చూసి ఇవ్వరు. అమెరికానే తీసుకుంటే, అక్కడి జాతీయ సమాఖ్య యూఎస్ఏ ట్రయథ్లాన్ నగదు బహుమతి ఉన్న పోటీలలో ప్రొ విజేత సమయానికి 8 శాతం లోపల ముగించడం, పెద్ద పోటీలలో అమెచ్యూర్లందరిలోనూ తొలి స్థానాలలో నిలవడం వంటి కొలమానాలతో అర్హతను నిర్ణయిస్తూ వచ్చింది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉండే 70.3 పోటీని విజేత 3 గంటల 45 నిమిషాలలో ముగిస్తే, ఆ 8 శాతం అంటే సరిగ్గా 18 నిమిషాలు. ఇలా సాధించిన అర్హతకు కాలపరిమితి ఉంటుంది కనుక, ఆ తర్వాత గాయమో, కొత్త ఉద్యోగమో, ఇంట్లో పసిబిడ్డో కారణంగా సాధన సగానికి పడిపోయినవారు కూడా గడువు దాటిపోతుందన్న భయంతో లైసెన్సు తీసుకుంటారు. ఈ వ్యాసం అటువంటివారి తొలి సీజన్ గురించి. సమాఖ్యల నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ ఏడాది నియమావళిని స్వయంగా చదవాలి.

ఈ మార్గంలో వెళ్లాలనుకునేవారు సాధారణంగా క్రిస్సీ వెల్లింగ్టన్‌ను ఉదహరిస్తారు. బ్రిటిష్ ప్రభుత్వోద్యోగి అయిన ఆమె 2006లో లోజాన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో తన వయోవర్గంలో గెలిచి, 2007 తొలినాళ్లలో ఉద్యోగం వదిలి ప్రొ అయ్యారు, అదే ఏడాది అక్టోబరులో హవాయిలోని కోనాలో, 70.3కి రెట్టింపు దూరం ఉండే ఐరన్‌మ్యాన్ పోటీలో ప్రపంచ విజేతగా నిలిచారు. ఈ కథను ఆఫీసు కుర్చీలోంచి లేచి నేరుగా గెలుపు గీత దాటినట్టుగా చెప్పుకోవడం పొరపాటు. ఆ మధ్య నెలలన్నీ ఆమె బ్రెట్ సటన్ అనే కఠినమైన కోచ్ వద్ద పూర్తికాలం సాధనలో ఉన్నారు, ఆగస్టులో కొరియా ఐరన్‌మ్యాన్ గెలిచిన తర్వాతే కోనాకు వెళ్లారు. కనుక ఆమె ఉదాహరణ త్వరగా ప్రొ కావచ్చునని చెబుతుంది గానీ, సాధన లేకుండా ప్రొ కావచ్చునని చెప్పదు.

లైసెన్సు ఇప్పుడే తీసుకోవాలా, మరో ఏడాది ఆగాలా అన్న నిర్ణయం ఈత మీద ఆధారపడాలని నా అభిప్రాయం. అమెచ్యూర్లు వయోవర్గాల వారీగా పోటీపడే ఏజ్ గ్రూప్ పోటీలో వందలాది మంది వరుసగా నీటిలోకి దిగుతారు, ఎంత నెమ్మదిగా ఈదినా ముందు ఎవరో ఒకరి కాళ్లు కనిపిస్తూనే ఉంటాయి, వారి వెనుక ఈదుతూ శక్తిని ఆదా చేసుకోవచ్చు. ప్రొలు విడిగా, కొద్దిమందిగా, అందరికంటే ముందు బయలుదేరుతారు. పురుషుల 70.3లో తొలి గుంపు 1.9 కిలోమీటర్లను ఇంచుమించు 23, 24 నిమిషాలలో పూర్తి చేస్తుంది. మీది 30 నిమిషాల ఈత అయితే ఒడ్డుకు చేరే సమయానికి ఆ గుంపు సైకిళ్లు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. వారు నిబంధనలకు లోబడి ఒకరి వెనుక ఒకరు నియమిత దూరంలో వెళుతున్నా గాలి ఒత్తిడి కొంత తగ్గుతుంది, మీకు ఆ సాయం కూడా ఉండదు, మొత్తం 90 కిలోమీటర్లూ ఒంటరిగా తొక్కాలి. సాధన ఉన్నవారికే ఇది కష్టం, సాధన తక్కువైనవారికి ఇక్కడే సగం పోటీ చేజారిపోతుంది.

దీనికి తోడు వెట్‌సూట్ (ఒంటిని పట్టి ఉండే రబ్బరు ఈత దుస్తులు) నిబంధన ఒకటి ఉంది, కొత్తగా వచ్చినవారు దాన్ని ఆలస్యంగా గమనిస్తారు. ఐరన్‌మ్యాన్ పోటీలలో నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీల వరకు ఏజ్ గ్రూప్‌వారు వెట్‌సూట్ ధరించవచ్చు, ప్రొలకు ఆ హద్దు 21.9 డిగ్రీలే. నీరు 23 డిగ్రీలున్న ఉదయం, నిన్నటి వరకు వెట్‌సూట్‌తో ఈదినవారు ఈరోజు అది లేకుండా దిగవలసి వస్తుంది. వెట్‌సూట్ శరీరాన్ని నీటిపై తేల్చి ఉంచుతుంది కనుక కాళ్లు కిందికి దిగిపోయే బలహీనమైన ఈతగాళ్లకే ఎక్కువ మేలు చేస్తుంది, అది తీసేసినప్పుడు నష్టం కూడా వారికే ఎక్కువ. హైదరాబాద్ ఈత కొలనుల్లోనో, విశాఖ సముద్రంలోనో ఈత నేర్చి విదేశాలలో పోటీపడుతున్న మనవారికి వెట్‌సూట్ లేకుండా ఈదడం మొదటి నుంచీ అలవాటే, ఈ ఒక్క విషయంలో వారిది పైచేయి. ఎవరైనా సరే, వెట్‌సూట్ లేకుండా కొలనులో 1,900 మీటర్లను ఆగకుండా ఈది, ఆ సమయాన్ని తాము ఎంచుకున్న పోటీలో గత రెండేళ్ల ప్రొల ఈత సమయాలతో పోల్చి చూసుకోవాలి. చివరి ప్రొ కంటే కూడా బాగా వెనుకబడి ఉంటే, అర్హత గడువు ముగిసినా సరే, ఆగడమే మంచిది, ఎందుకంటే అర్హతను మళ్లీ సంపాదించుకోవచ్చు. ఒకసారి ప్రొగా పోటీపడితే మాత్రం సాధారణంగా ఆ ఏడాదికి ఏజ్ గ్రూప్‌లోకి తిరిగి రావడానికి వీలుండదు.

లైసెన్సు తీసుకోవాలనే నిశ్చయించుకుంటే, తొలి ఏడాది పూర్తి ఐరన్‌మ్యాన్ జోలికి పోవద్దు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, 42.2 కిలోమీటర్ల పరుగు సాధన లోపాన్ని దాచనివ్వవు, కోలుకోవడానికి పట్టే వారాలు ఉన్న కొద్దిపాటి సాధననూ మింగేస్తాయి. రెండో మూడో 70.3లు చాలు. వాటిని చల్లని ప్రదేశాలలో, చల్లని నెలలలో ఎంచుకోవాలి. సాధన ఆపిన రెండు మూడు వారాలలోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం తగ్గుతుంది, చర్మానికీ కండరాలకూ ఒకేసారి రక్తం అందించవలసిన వేడి రోజున ఆ కొరత స్పష్టంగా బయటపడుతుంది. గోవా వంటి ఉక్కపోత పోటీ సాధన పూర్తిగా ఉన్నవారినే కుంగదీస్తుంది.

వారానికి ఎనిమిది నుంచి పది గంటలు మాత్రమే దొరికేవారు ఆ సమయాన్ని మూడు క్రీడలకూ సమానంగా పంచకూడదు. ఈతలో నీటి పట్టు త్వరగా పోతుంది, తరచుగా దిగితేనే తిరిగి వస్తుంది కాబట్టి, రెండు పొడవైన ఈతలకంటే ముప్పావు గంట చొప్పున నాలుగు ఈతలు మేలు. వాటిలో కనీసం రెండింటిలో తొలి 200 మీటర్లు పోటీ వేగంతో ఈది, ఊపిరి పూర్తిగా కుదుటపడకముందే స్థిరమైన వేగానికి మారడం సాధన చేయాలి. ప్రొ ఈతలో గుంపులు ఏర్పడేది ఆ తొలి కొన్ని వందల మీటర్లలోనే. సైకిల్ మీద వారంలో రెండు రోజులు గంట చొప్పున గట్టి సాధన, వారాంతంలో మూడు గంటల సవారీ సరిపోతాయి, ఆ సవారీ ముగిసిన వెంటనే పావుగంట పరుగు జోడించాలి. గట్టి సాధనను ఇంట్లో సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ అనే పరికరం మీద చేస్తే సిగ్నళ్ల వద్ద, దారి వెతుక్కోవడంలో పోయే సమయమూ మిగులుతుంది. కెనడాకు చెందిన లయనెల్ శాండర్స్ తన సాధనలో అధిక భాగాన్ని ఇంటి లోపలే చేసి అగ్రశ్రేణికి చేరిన సంగతి ట్రయథ్లాన్ ప్రపంచానికంతా తెలుసు.

పరుగు విషయంలో మాత్రం తొందర పనికిరాదు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాలలోనే మెరుగుపడతాయి, స్నాయువులు, ఎముకలు అంత వేగంగా గట్టిపడవు. పాత ప్రొ స్థాయి ఊపిరి ఉండి కాళ్లు సిద్ధంగా లేనివారికే ఎముకలో ఒత్తిడి పగుళ్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. అందువల్ల వారానికి నాలుగైదు చిన్న పరుగులు పెట్టుకుని, పొడవైన పరుగును నెమ్మదిగా పెంచాలి, పోటీకి పది రోజుల ముందు భయంతో 25 కిలోమీటర్లు పరిగెత్తే పని ఎన్నడూ చేయరాదు. ఆ పరుగు వల్ల పోటీనాటికి సామర్థ్యం పెరగదు, అలసట మాత్రం మిగులుతుంది. టేపర్‌ను, అంటే పోటీకి ముందు సాధన తగ్గించే రోజులను కూడా కుదించాలి. వారానికి పాతిక గంటలు సాధన చేసేవారికి రెండు వారాల విశ్రాంతి అవసరం కావచ్చు, పది గంటలవారికి తీర్చుకోవలసిన అలసటే అంతగా ఉండదు, ఐదారు రోజులు చాలు.

పోటీ రోజున జరిగే తప్పులలో అత్యధికం పాత అంకెలను నమ్మడం వల్ల జరుగుతాయి. గత ఏడాది కొలిచిన ఎఫ్‌టీపీ, అంటే ఇంచుమించు గంటసేపు నిలబెట్టగల వాట్ల స్థాయి, ఈ ఏడాదిది కాదు. పోటీకి మూడు వారాల ముందు దాన్ని మళ్లీ కొలవాలి. సాధన ఉన్నవారు 70.3లో దానిలో 80 నుంచి 85 శాతం వరకు తొక్కగలరు, సాధన తక్కువైనవారు 75 దగ్గర గీత గీసుకుని, ఎత్తుల మీద కూడా దాన్ని పెద్దగా దాటకుండా ఉండడం మంచిది. పక్క నుంచి ఒక ప్రొ దాటిపోతే ఆ వెంట వెళ్లాలన్న కోరిక బలంగా పుడుతుంది, నియమిత దూరాన్ని పాటిస్తూ రెండు నిమిషాలు చూసి, వాట్లు గీత లోపలే ఉంటే ఉండాలి, లేకుంటే వదిలేయాలి. ఆ దూరం ఎంతో పోటీ పోటీకీ తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి ఐరన్‌మ్యాన్‌లో చలామణిలో ఉంటూ వచ్చింది 12 మీటర్లు, 2024లో మొదలైన టీ100 ప్రొ పోటీలలో 20 మీటర్లు. పరుగులో తొలి ఐదు కిలోమీటర్లను అనుకున్న వేగం కంటే కిలోమీటరుకు పది పదిహేను సెకన్లు నెమ్మదిగా పరిగెత్తాలి.

ఆహారం విషయంలో సాధన తక్కువైనవారి ఇబ్బంది మరొకటి. ఓర్పు సాధన వల్ల శరీరం కొవ్వును ఇంధనంగా వాడడం నేర్చుకుంటుంది, ఆ సాధన తగ్గితే అదే వేగానికి పిండిపదార్థాల ఖర్చు పెరిగి కండరాలలో నిల్వ ఉండే ఇంధనమైన గ్లైకోజెన్ త్వరగా అయిపోతుంది. అగ్రశ్రేణి ప్రొలు గంటకు 100 గ్రాములకు పైగా పిండిపదార్థాలు తీసుకుంటున్నారని విని అదే మోతాదును పోటీ రోజున మొదటిసారి ప్రయత్నిస్తే కడుపు తిరగబడుతుంది. పేగులు గ్లూకోజును గంటకు సుమారు 60 గ్రాముల వరకే పీల్చుకోగలవు, అంతకు మించాలంటే వేరే మార్గంలో లోపలికి వెళ్లే ఫ్రక్టోజును కలపాలి, దానికీ వారాల తరబడి అలవాటు కావాలి. వారాంతపు సవారీలలో 60 గ్రాములతో మొదలుపెట్టి, ఇబ్బంది లేకుంటే 80, 90కి పెంచుకోవాలి. దాహానికి మించి నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ప్రొగా డోపింగ్ పరీక్షలు ఎదురయ్యే అవకాశం ఎక్కువ, మనవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నీరసంగా ఉందని ఊళ్లో క్లినిక్‌కు వెళ్లి సెలైన్ పెట్టించుకోవడం మనకు మామూలు విషయం. ప్రపంచ డోపింగ్ నిరోధక నిబంధనల ప్రకారం 12 గంటలలో 100 మిల్లీలీటర్లకు మించి సిర ద్వారా ఎక్కించుకోవడం నిషిద్ధం, ఆసుపత్రి చికిత్స, శస్త్రచికిత్స, వ్యాధి నిర్ధారణ పరీక్షల వంటి సందర్భాలకే మినహాయింపు ఉంది. దగ్గుకో అలర్జీకో సులువుగా చేతికిచ్చే బెట్నెసాల్ మాత్రలో ఉన్నది స్టెరాయిడ్, నోటి ద్వారా తీసుకునే ఆ రకం మందులు పోటీ సమయంలో నిషిద్ధం, మాత్ర ముందే వేసుకున్నా దాని ఆనవాళ్లు పోటీనాటికి శరీరంలో మిగిలి ఉండవచ్చు. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు అనుమతి ఉన్నా, 24 గంటలలో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటలలోనూ 600 మైక్రోగ్రాములు దాటకూడదు. ఏ వైద్యుడి వద్దకు వెళ్లినా ముందుగా ఈ విషయం చెప్పాలి.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. నగదు బహుమతి తొలి కొన్ని స్థానాలవారికే దక్కుతుంది, ఆ తర్వాత వచ్చినవారికి ప్రయాణం, బస, సైకిల్ రవాణా ఖర్చులే మిగులుతాయి. సాధన తక్కువైన ఏడాదిలో ఉద్యోగం వదలడం అవివేకం. స్పాన్సర్ ఒప్పందంలో ఏడాదికి ఇన్ని పోటీలు తప్పనిసరి అన్న షరతు ఉంటే సంతకం పెట్టవద్దు, ఎందుకంటే అదే షరతు ఒంట్లో బాగోలేని రోజున మిమ్మల్ని నీళ్లలోకి దించుతుంది. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవారు బహుమతి సొమ్ము గానీ స్పాన్సర్ సొమ్ము గానీ తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి.

ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు మానుకోవాలి అన్నదానికి మళ్లీ వెల్లింగ్టన్ దగ్గరికే వెళ్లాలి. 2010లో మూడుసార్ల విజేతగా కోనాకు వెళ్లిన ఆమె అనారోగ్యం కారణంగా పోటీ ఉదయమే తప్పుకున్నారు. 2011లో పోటీకి సుమారు రెండు వారాల ముందు సైకిల్ మీద నుంచి పడి గాయాలతో దిగి, ఈతకు గంటకు పైగా తీసుకుని, వెనుక నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ 8 గంటల 55 నిమిషాలలో గెలిచారు. రెండో సందర్భాన్నే జనం గుర్తుపెట్టుకుంటారు, నా దృష్టిలో కొత్త ప్రొలు ముందుగా అనుసరించవలసింది మొదటిదాన్ని. గాయం నొప్పిని ఓర్చుకోవడానికి ఆమె వెనుక ఏళ్ల సాధన ఉంది, జ్వరానికి ఆ సాధన కూడా అడ్డు నిలవదు. జ్వరం ఉన్నప్పుడు పోటీపడితే గుండె కండరానికి వాపు వచ్చే ముప్పు ఉంది కాబట్టి దిగనే వద్దు. దారిలో ఛాతీ నొప్పి, తల తిరగడం, ఎముక మీద వేలితో చూపించగలిగేంత ఒకేచోట నొప్పి వస్తే అక్కడే ఆగిపోవాలి. పోటీ తర్వాత మూత్రం కోలా రంగులోకి మారితే అది కండరాలు విచ్ఛిన్నమవుతున్న సూచన, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కేవలం నెమ్మదిగా ఉన్నారన్న కారణంతో మాత్రం పోటీ మధ్యలో వదిలేయకండి, చివరి స్థానంలో ముగించిన పోటీ నుంచి కూడా తర్వాతి సాధనకు పనికివచ్చే అంకెలు దొరుకుతాయి.

ప్రతి పోటీ తర్వాత వారం లోపల ఈత, సైకిల్, పరుగు సమయాలను విడివిడిగా రాసుకుని, ఆనాటి చివరి ముగ్గురు ప్రొల సమయాల పక్కన పెట్టి చూడండి. సీజన్ ముగిసేసరికి ఈతలోని తేడా తగ్గుతూ వస్తే వచ్చే ఏడాదికి లైసెన్సును పునరుద్ధరించుకోండి. తేడా అలాగే ఉండి, వారానికి దొరికే గంటలు కూడా పెరిగే అవకాశం లేకపోతే, పునరుద్ధరించకుండా ఏజ్ గ్రూప్‌కు తిరిగి వచ్చే నిబంధనలేమిటో సమాఖ్యను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.