సొంత టీమ్ లేని ఊళ్లో ఉండి లీగ్ ఫుట్‌బాల్ అభిమాని కావడం ఎలా?

తిరుపతిలో ఐపీఎల్ గురించి మాట్లాడాలంటే టీ బంకు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు. అదే ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, మన దేశపు ఫుట్‌బాల్ లీగ్) సంగతి ఎత్తితే మాత్రం "ఏందన్నా, మనోళ్లు ఫుట్‌బాల్ కూడా ఆడతారా?" అంటారు. అలా అడిగినవాళ్లలో మా బావమరిది ఒకడు. ఇప్పుడు వాడే ఫోన్ చేసి, శనివారం మ్యాచ్ ఎన్ని గంటలకని నన్ను అడుగుతుంటాడు. ఈ రెండు మాటల మధ్య మూడేళ్లు పట్టింది. అందులో సగం కాలం తప్పులు చేయడానికే పోయింది. ఆ తప్పులు మీరు చేయకుండా, ఏ పని తర్వాత ఏ పని చేస్తే బాగుంటుందో చెబుతాను. ఫుట్‌బాల్ ఎక్కువగా, మిగతా ఆటలు కొద్దిగా.

1. బస్సు చార్జీ చూసి టీమ్‌ను ఎంచుకోండి

పాయింట్ల పట్టికలో పైన ఉన్న టీమ్‌ను ఎంచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. రెండేళ్లకు ఆ టీమ్ కిందికి జారితే మీ ఉత్సాహం కూడా జారిపోతుంది. పొద్దున బయల్దేరి, మ్యాచ్ చూసి, మర్నాడు తెల్లవారేసరికి ఇంటికి చేరగలిగిన దూరంలో ఉన్న టీమ్ ఏదో చూడండి. మన లెక్క సులభం. తిరుపతి నుంచి చెన్నై 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చిత్తూరు వాళ్లకు పలమనేరు, ములబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు 180 కిలోమీటర్లు. అంటే మీ ఎంపిక చెన్నయిన్ ఎఫ్‌సీ, బెంగళూరు ఎఫ్‌సీల మధ్యే.

"తెలుగువాళ్ల టీమ్ ఉండగా అరవ టీమ్ ఎందుకు?" అని నన్ను చాలామంది అడిగారు. నేను మొదట ఎంచుకున్నది హైదరాబాద్ ఎఫ్‌సీనే. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా ముగిశాక, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపి కప్పు తెచ్చిన రాత్రి మా వీధిలో కేక వేసింది నేనొక్కడినే. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. అసలు అది పుట్టిందే 2019లో, పుణె క్లబ్ మూతపడి ఆ చోటు ఖాళీ అయినప్పుడు. పుణె అభిమానులకు ఒకసారి తగిలిన దెబ్బ తర్వాత మాకు తగిలింది. పైగా హైదరాబాద్ మనకు 550 కిలోమీటర్లకు పైనే. ఆ టీమ్ ఆటను నేను ఒక్కసారి కూడా మైదానంలో చూడలేదు. చూడకుండా పెంచుకున్న ప్రేమ టీవీ కట్టేయగానే చల్లారిపోతుందని అప్పుడు తెలిసింది.

చెన్నయిన్, బెంగళూరు రెండూ దగ్గరే అయితే పాత కథలు విని తేల్చుకోండి. 2018 మార్చి 17న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన ఫైనల్లో సునీల్ ఛెత్రి తొమ్మిదో నిమిషంలోనే గోల్ కొట్టాడు. బెంగళూరు సంబరం మొదలైంది. కానీ చెన్నయిన్ ఆటగాడు మైల్సన్ కార్నర్ల నుంచి రెండుసార్లు తలతో బంతిని వలలోకి పంపాడు, చివరికి 3-2తో కప్పు చెన్నైకి వెళ్లింది. ఇది విన్నప్పుడు మీకు ఎవరి మీద జాలి కలిగితే ఆ టీమ్ తీసుకోండి. అన్నట్టు ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో.

2. లీగ్ ఎలా నడుస్తుందో అరగంటలో తెలుసుకోండి

ఐఎస్ఎల్ 2014లో మొదలైంది. ఐ-లీగ్ అంతకంటే పాతది, 2007 నాటిది. దాన్ని ఐఎస్ఎల్ కింది మెట్టు అనుకోవచ్చు, 2022-23 నుంచి దాని విజేతకు ఐఎస్ఎల్‌కు ఎక్కే దారి తెరుచుకుంది. 2022-23లో పంజాబ్, ఆ మరుసటి ఏడాది మొహమ్మడన్ స్పోర్టింగ్ అలా వచ్చినవే. వీటితో పాటు డ్యూరాండ్ కప్ ఉంది, దాని వయసు 1888 నుంచి లెక్క. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1941 నుంచి నడుస్తోంది.

కొత్తవాళ్లు తికమకపడేది ఒక్క చోట. లీగ్ మ్యాచ్‌లన్నీ అయ్యాక పట్టికలో పైన ఉన్న టీమ్‌కు ఇచ్చేది షీల్డ్. ఆ తర్వాత ప్లేఆఫ్స్ ఆడి ఫైనల్ గెలిస్తే వచ్చేది కప్పు, 2024-25 దాకా పద్ధతి ఇదే. 2021-22లో షీల్డ్ జంషెడ్‌పూర్‌ది, కప్పు హైదరాబాద్‌ది. "మరి చాంపియన్ ఎవరు?" అని మా బావమరిది ఆ రోజంతా పోరుపెట్టాడు. రెండూ వేర్వేరు బహుమతులు, అంతే. 2024-25లో మోహన్ బగాన్ రెండూ పట్టుకుపోయింది కాబట్టి ఆ ఏడాది ఈ గొడవ లేదు.

తేదీల విషయంలో జాగ్రత్త. మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలయ్యే ఐఎస్ఎల్ 2025లో మొదలే కాలేదు. ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగ్ నడిపే సంస్థకూ మధ్య ఉన్న పదిహేనేళ్ల ఒప్పందం ఆ డిసెంబరుతో ముగిసిపోతుండటం కారణం. టీవీ హక్కులు కూడా చేతులు మారుతుంటాయి. అందుకే పోయినేడు ఏ యాప్‌లో చూశామో దానికే డబ్బు కట్టేయకుండా, సీజన్ మొదలయ్యే వారంలో క్లబ్బు సొంత పేజీలో చూసుకుని కట్టండి. మ్యాచ్‌కు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి టైమ్ సరిచూసుకోవడం నాకు అలవాటైపోయింది.

3. బంతిని వదిలేసి ఒక ఆటగాడిని చూడండి

క్రికెట్ చూసి పెరిగిన కళ్లు బంతి వెంటే పరిగెడతాయి. ఫుట్‌బాల్‌లో అలా చూస్తే ఇరవై నిమిషాలకు ఆవులింత వస్తుంది. మొదటి నాలుగు మ్యాచ్‌లకు ఒక పని చేయండి. మీ టీమ్‌లో రైట్ బ్యాక్‌నో (కుడివైపు డిఫెన్స్ చూసేవాడు), లేదంటే డిఫెన్స్ ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌నో పట్టుకోండి. బంతి అతని దగ్గర లేనప్పుడు ఎటు జరుగుతున్నాడు, ఎవరికి చెయ్యి చూపిస్తున్నాడు, ఎప్పుడు పరుగు తగ్గిస్తున్నాడు అన్నదే గమనించండి. రెండో మ్యాచ్‌కల్లా గోల్ రాబోతోందని రెండు సెకన్ల ముందే మీకు తెలిసిపోతుంది. ఆ రెండు సెకన్ల కోసమే ఈ ఆట చూసేది.

ఆఫ్‌సైడ్ గురించి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చూడాల్సింది బంతి అందుకున్న క్షణాన్ని కాదు, బంతిని తన్నిన క్షణాన్ని. ఆ క్షణంలో అవతలి సగంలో, బంతి కంటే ముందు, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండో మనిషి కంటే కూడా ముందు ఉండి ఆటలో కలగజేసుకుంటే ఆఫ్‌సైడ్. చివరి మనిషి సాధారణంగా గోల్‌కీపరే. త్రో-ఇన్ నుంచి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. ఇది తెలియక నేను ఒకసారి పందెంలో రెండు ప్లేట్ల పునుగులు ఓడిపోయాను.

4. ఒక్కసారైనా మైదానానికి వెళ్లండి

ఇదే అసలు పని. చెన్నై ప్రయాణమైతే ఇలా చేయండి. పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లోనో, పుత్తూరు మీదుగా వెళ్లే బస్సులోనో బయల్దేరండి. చెన్నయిన్ ఆడే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం పెరియమేడులో ఉంది. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొని, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. జనం గుమిగూడిన గేటు దగ్గర నెట్ రాదు. నీళ్ల సీసా, పవర్ బ్యాంకు లాంటివి లోపలికి రానివ్వకపోవచ్చు కాబట్టి చేతులు ఊపుకుంటూ వెళ్లడం మేలు. చెన్నైలోనూ, బెంగళూరు కంఠీరవలోనూ గ్యాలరీకీ మైదానానికీ మధ్య పరుగు పందేల ట్రాక్ ఉంది. కింది వరసలో కూర్చుంటే అవతలి సగం ఏమీ అర్థం కాదు. దగ్గర కదా అని ఆశపడకుండా పై వరసలు చూసుకోండి.

చొక్కా రంగు చిన్న విషయం అనుకున్నాం మేము. మా బావమరిది మొదటి మ్యాచ్‌కు పసుపు టీషర్టు వేసుకొచ్చాడు. ఆ రోజు ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్, వాళ్ల రంగు పసుపు. మేం కూర్చున్నది నీలం చొక్కాల మధ్య. పక్కనున్న పెద్దాయన వీడిని కిందికీ పైకీ చూసి "కేరళావా?" అన్నాడు. "ఇల్ల సార్, తిరుపతి" అన్నాడు వీడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత పది నిమిషాలు ఆట చూడనివ్వలేదు, "దర్శన టికెట్ కిడైక్కుమా తంబీ?" అని ఒకటే అడగడం. తిరుపతి వాడు ఎక్కడికి వెళ్లినా ఇది తప్పదు. ఆ మాటల్లో మేం ఒక గోల్ చూడలేకపోయాం. మైదానంలో రీప్లే ఉండదు, పోయింది పోయినట్టే. రంగు విషయం ముందే చూసుకోండి, ఊరి పేరు మాత్రం విరామం దాకా చెప్పకండి.

అభిమాన సంఘాలు పాటలు పాడే స్టాండు ఎక్కడుందో కనుక్కుని దానికి కాస్త పక్కగా కూర్చుంటే మొదటిసారికి బాగుంటుంది. చెన్నైలో బీ స్టాండ్ బ్లూస్, సూపర్ మచాన్స్, బెంగళూరులో వెస్ట్ బ్లాక్ బ్లూస్ పేర్లు వినబడతాయి. తొంభై నిమిషాలూ నిలబడే ఉంటారు, డప్పులు ఆగవు. అరవ పాటలే అయినా చిత్తూరు జిల్లా వాళ్లకు అది అంత కష్టమేమీ కాదు.

తిరుగు ప్రయాణం గురించి ముందే ఆలోచించాలి. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ ముగిసేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. పగటి రైళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి, బస్సే దిక్కు. నేను పాత అలవాటు కొద్దీ ఆటో ఎక్కి కోయంబేడు పోనిమ్మన్నాను. అక్కడ దిగాక గుర్తొచ్చింది, తిరుపతి బస్సులు 2018లోనే మాధవరం బస్టాండుకు మారాయని. మళ్లీ ఆటో, మళ్లీ బేరం. మాధవరంలో "తిరుపతి, తిరుపతి" అన్న కేక వినబడే సరికి పన్నెండు దాటింది. మీరు నేరుగా మాధవరమే వెళ్లండి.

5. మిగతా ఆటల్లో రెండు చాలు

అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. ఫుట్‌బాల్ లేని నెలలకు ఒకటి, ఇంట్లో అందరితో కలిసి చూడటానికి ఒకటి పెట్టుకోండి.

ఇంట్లో చూడటానికి కబడ్డీని మించింది లేదు. నలభై నిమిషాల ఆట, ముప్పై సెకన్ల రైడ్, తెలుగు కామెంటరీ. అమ్మమ్మలకు రూల్స్ చెప్పక్కర్లేదు. ఒక్క డూ-ఆర్-డై రైడ్ వివరిస్తే చాలు. ఒక జట్టు రెండు రైడ్లు వరసగా ఖాళీగా వస్తే మూడోసారి పాయింటు తేవాల్సిందే, లేకపోతే రైడర్ అవుట్. తెలుగు టైటాన్స్ 2014 నుంచి ఆడుతున్నా 2025 వరకు కప్పు కొట్టలేదు. ఈ జట్టును ఇష్టపడాలంటే ఓర్పు ఉండాలి.

ఇక రంజీ ట్రోఫీ. స్కోరు మధ్యమధ్యలో ఆఫీసులో దొంగచాటుగా చూసుకోవడానికి అంత అనువైన ఆట ఇంకోటి లేదు. లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు. పూర్తిగా గెలిస్తే 6 పాయింట్లు, డ్రా అయినా తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉంటే 3, ఆధిక్యం లేని జట్టుకు 1. ఈ ఒక్క లెక్క తెలిస్తే తొమ్మిదో వికెట్ దగ్గర కొట్టుకునే ఇరవై పరుగుల విలువ అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి విరిగిన చేతితో, కుడిచేతి వాటం వాడు కాస్తా ఎడమచేతి వాటానికి తిరిగి ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఐపీఎల్ కబుర్లు చెప్పేవాళ్లలో ఆ ఇన్నింగ్స్ చూసినవాళ్లు ఎందరో అడిగి చూడండి.

6. ఆదివారం పొద్దున ఊళ్లో మైదానానికి వెళ్లండి

లీగ్ సీజన్ అయిపోయాక చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఎస్వీ యూనివర్సిటీ మైదానాల వైపు పొద్దున్నే వెళితే ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. టికెట్ లేదు, ట్రాక్ అడ్డం లేదు, గీతకు రెండడుగుల దూరంలో నిలబడొచ్చు. టీవీలో అర్థంకాని సంగతులు ఇక్కడ చెవిన పడతాయి. ఒకసారి నేను గోల్ వెనక నిలబడి ఉన్నాను. వలను ప్లాస్టిక్ తాడుతో కట్టారు, సున్నం గీత సగం చెరిగిపోయింది. కార్నర్ తన్నబోతుంటే గోల్‌కీపర్ కుర్రాడు గొంతు చించుకున్నాడు: "రేయ్, వాడు ఒంటిగా ఉండాడు, యాడ జూస్తాండావురా!" మార్కింగ్ (ప్రత్యర్థిని ఒంటిగా వదలకుండా అంటిపెట్టుకుని ఉండటం) అంటే ఏమిటో నిపుణుల చర్చల్లో ఎన్నిసార్లు విన్నా బుర్రకెక్కనిది ఆ కేకతో ఎక్కింది. ఆ ఒంటిగా ఉన్నవాడే తలతో గోల్ కొట్టాడు కూడా.

నిలబడే చోటు కూడా చెబుతాను. పక్క గీత మధ్యలో వద్దు, గోల్ వెనక కాస్త ఎడంగా నిలబడండి. డిఫెన్స్ వరస ముందుకీ వెనక్కీ కదలడం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. ఒక్కటే ఇబ్బంది, గురి తప్పిన బంతి ముళ్లపొదల్లో పడితే తెచ్చిచ్చే పని మీ మీదే పడుతుంది. చెప్పులు వేసుకుని వెళ్లకండి, బూట్లు మేలు.