రెండు లేత రంగుల్లో ఒకటి తేల్చుకోవడానికి
గది గోడలకు లేత నీలమా, లేత ఆకుపచ్చా అని ఎటూ తేలనప్పుడు, షేడ్ కార్డులోని (రంగుల నమూనాల కార్డు) చిన్న ముక్కను నమ్ముకోకుండా, రెండడుగుల తెల్ల అట్టలు రెండు తీసుకుని, చుట్టూ రెండంగుళాల అంచు వదిలి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండు కోటింగులు వేసి పూర్తిగా ఆరనివ్వండి. గోడ మీది పాత రంగు పక్కన కొత్త రంగు అసలుకన్నా వేరుగా కనబడుతుంది కనుక ఆ తెల్ల అంచు తప్పనిసరి. అట్టలను ఒకదాని తరువాత ఒకటిగా, కిటికీ ఉన్న గోడకూ దాని ఎదుటి గోడకూ ఆనించి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి. నా దృష్టిలో రాత్రి చూడటమే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పసుపు కాంతి బల్బు కింద లేత నీలం తరచుగా బూడిద ఛాయలోకో, ఆకుపచ్చలోకో మారిపోతుంది. గోడ గరుకుగా ఉన్నా, రంగు వేశాక బల్బులు మార్చబోతున్నా ఈ పరీక్షను నమ్మలేము.