పాత ఈపీఏబీఎక్స్‌ని ఇంటర్నెట్ కాల్స్‌కి కలపడం ఎలా?

రిసెప్షన్ వెనక గోడకి బిగించిన ఈపీఏబీఎక్స్ పెట్టె (ఆఫీసు ఫోన్లని ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలిపేది) పాతదైనా, బాగా పనిచేస్తుంటే పారేయక్కర్లేదు. బయటి లైన్లను మాత్రం ఇంటర్నెట్ మీదకి మారిస్తే చాలు. బల్లల మీది ఫోన్లు, ఎక్స్‌టెన్షన్ నంబర్లు అన్నీ అలాగే ఉంటాయి. నాలుగు ట్రంక్ లైన్లు (బయటి నుంచి పెట్టెలోకి వచ్చేవి), పదహారు ఎక్స్‌టెన్షన్లు ఉన్న చిన్న ఆఫీసు అనుకుని చెబుతాను.

1. ముందు పెట్టెలోకి వచ్చే లైన్లు ఏ రకమో చూడండి. మామూలు రాగి తీగ లైన్లయితే అనలాగ్ గేట్‌వే, అంటే ఈపీఏబీఎక్స్‌ని ఇంటర్నెట్ కాల్స్‌కి కలిపే చిన్న పెట్టె కావాలి. 30 చానెళ్ల పీఆర్ఐ (ఒకే డిజిటల్ లైను మీద ఒకేసారి 30 కాల్స్) అయితే దానికి సరిపోయే ఈ1 గేట్‌వే. కొన్ని కొత్త ఈపీఏబీఎక్స్ పెట్టెల్లో సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) సౌకర్యం వాటిలోనే ఉంటుంది, గేట్‌వే ఖర్చు తప్పుతుంది.

2. లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీ దగ్గరే సిప్ ట్రంక్, అంటే ఇంటర్నెట్ మీద వచ్చే బయటి లైను తీసుకోండి. ఇంటర్నెట్‌లో వచ్చిన విదేశీ కాల్స్‌ని సిమ్ బాక్సులతో (చాలా సిమ్‌లు పెట్టే యంత్రాలు) లోకల్ కాల్స్‌గా మార్చి చవగ్గా ఇస్తామనేవాళ్ల జోలికి పోకండి, అది నేరం. ఒకేసారి ఎన్ని కాల్స్ నడవాలో లెక్కేసి అన్ని చానెళ్లే అడగండి. మన దేశంలో మొబైల్ నంబర్‌లా ల్యాండ్‌లైన్ నంబర్‌ని వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోలేం. విజిటింగ్ కార్డుల మీద, బోర్డు మీద ఉన్న పాత నంబర్ పోకూడదంటే ఆ లైను ఒకటి ఉంచుకుని, మిగతా మూడు ట్రంక్‌లనే మార్చండి.

3. ఎక్కువమంది తప్పు చేసేది గేట్‌వే కొనేటప్పుడే. డయల్ టోన్ ఇచ్చే పోర్టు ఎఫ్ఎక్స్ఎస్, దాన్ని తీసుకునేది ఎఫ్ఎక్స్ఓ. ఈపీఏబీఎక్స్ ట్రంక్ పోర్టు డయల్ టోన్ కోసం చూస్తుంది కాబట్టి మీకు కావాల్సింది ఎఫ్ఎక్స్ఎస్ గేట్‌వే. నేను మొదటిసారి దాని వైర్లను ఎక్స్‌టెన్షన్ పోర్టుల్లో గుచ్చి, ఫోన్ ఎందుకు మోగదో తెలియక సగం రోజు తలపట్టుకున్నాను. టెలిఫోన్ కంపెనీ లైనుని మాత్రం ఎఫ్ఎక్స్ఎస్ పోర్టులో పెట్టకండి, పోర్టు కాలిపోవచ్చు.

4. గేట్‌వేని రూటర్‌కి కలిపి, కంపెనీ ఇచ్చిన సర్వర్ అడ్రస్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఎక్కించండి. కోడెక్ (గొంతుని డేటాగా మార్చే పద్ధతి) జీ.711 పెడితే గొంతు ల్యాండ్‌లైన్‌లాగే వినిపిస్తుంది. ఒక్కో కాల్‌కి అటూ ఇటూ దాదాపు 90 కేబీపీఎస్ చొప్పున పడుతుంది. అంటే పది కాల్స్‌కి ఒక ఎంబీపీఎస్ కూడా నిండదు. అసలు ఇబ్బంది నెట్ స్పీడుతో కాదు, నిలకడతో. అకౌంట్స్ వాళ్లు పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టగానే మాట ముక్కలవుతుంది. రూటర్లో వాయిస్‌కి ముందు దారి ఇచ్చే క్యూఓఎస్ ఆన్ చేయండి.

5. అదే రూటర్లో సిప్ ఏఎల్‌జీ (సిప్ కాల్స్ రూటర్ దాటేలా చూసే సెట్టింగ్) కనిపిస్తే ఆపేయండి. పేరుకి సాయం చేసేదే గానీ, మన మాట అవతలివాళ్లకి వినబడి వాళ్లది మనకి వినబడకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

6. గేట్‌వేతో వచ్చిన డీఫాల్ట్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి. దాని సెట్టింగ్స్ పేజీ బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచొద్దు. సిప్ వాడే 5060 పోర్టు కోసం బాట్లు (వాటంతటవే నడిచే ప్రోగ్రాములు) రాత్రింబవళ్లు వెతుకుతూనే ఉంటాయి. వాటికి దొరికితే విదేశాలకి కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మీకొస్తుంది. ఐఎస్‌డీ అవసరం లేకపోతే కంపెనీ దగ్గరే బ్లాక్ చేయించండి.

7. ఇక పరీక్ష. కాల్ వెళ్లడం, రావడం చూస్తే సరిపోదు. బ్యాంకు కస్టమర్ కేర్‌కి చేసి, తెలుగుకి ఒకటి నొక్కితే పట్టిందో లేదో చూడండి. పట్టకపోతే గేట్‌వేలో డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెల టోన్లు పంపే) సెట్టింగ్ మార్చాలి. బయటివాళ్లు ముందు ఫోన్ పెట్టేసినప్పుడు లైను ఖాళీ అవుతోందా? అవకపోతే ఆ ట్రంక్ బిజీగానే ఉండిపోతుంది. గేట్‌వే బిజీ టోన్ ఇస్తుందా, ఫోన్ లైనులోని కరెంటు తెంపుతుందా, ఈపీఏబీఎక్స్ వాటిలో దేన్ని గుర్తిస్తుందో చూసి రెండూ సరిపోల్చాలి. మీ గొంతు మీకే ప్రతిధ్వనిస్తుంటే గేట్‌వేలో ఇంపీడెన్స్ (లైను విద్యుత్ నిరోధం) సెట్టింగ్ చూడండి. ఫ్యాక్స్ వాడేవాళ్లు దాన్ని ఆ పాత లైను మీదే వదిలేయడం సుఖం.

చివరగా ఓ సాయంత్రం అందరూ వెళ్లాక మెయిన్ స్విచ్ ఆపి చూడండి. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఇప్పుడు ఈపీఏబీఎక్స్, గేట్‌వే, రూటర్, ఫైబర్ పెట్టె నాలుగూ మీ యూపీఎస్ మీద ఉండాలి. చాలాచోట్ల ఆ ఫైబర్ పెట్టెనే మర్చిపోతారు.