స్కానర్ పలకట్లేదా? న్యూయార్క్ ఫైర్ రేడియో వినేవాళ్ల తిప్పలు, వాటికి మందులు

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మా పిన్ని కొడుకు పోయిన చలికాలం ఒక స్కానర్ కొన్నాడు. చానళ్లు ఒక్కొక్కటే వెతుకుతూ, ఎక్కడ మాట వస్తే అక్కడ ఆగే రేడియో అది. మూడో రోజు ఫోన్ చేశాడు. "అన్నా, ఇది వెనక్కి పంపించేస్తున్నా. గంట నుంచి చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నా, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. కింద రోడ్డు మీద చూస్తే ఫైరింజన్లు గోల చేసుకుంటూ పోతున్నాయి." వీడియోలో చూపించరా అన్నాను. యాంటెన్నా జానెడు కూడా బయటికి లాగలేదు. బుసని ఆపే స్క్వెల్చ్ నాబ్ ఆ చివరికంటా తిరిగి ఉంది. స్కానర్‌ని తెచ్చి వైఫై రౌటర్ నెత్తిన పెట్టాడు. మూడూ సరిచేసిన రెండు నిమిషాలకు ఫైరింజన్లను పంపే క్వీన్స్ డిస్పాచర్ గొంతు గదంతా నిండింది.

హడ్సన్ ఇవతలి ఒడ్డున, జెర్సీ సిటీలో ఉంటాను. న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్, అంటే ఎఫ్‌డీఎన్‌వై, రేడియో వినడం నాకు చాలా ఏళ్ల అలవాటు. నా దాకా వచ్చే ఫిర్యాదుల్లో స్కానర్ నిజంగా పాడైనవి అరుదు. తప్పు యాంటెన్నాలోనో, కూర్చున్న చోటులోనో ఉంటుంది. లేదంటే ఆ ఊరి రేడియో ఎలా నడుస్తుందో మనకు తెలియకపోవడంలో ఉంటుంది.

పూర్తి నిశ్శబ్దం

ముందు 162.550 మెగాహెర్ట్జ్ పెట్టండి. అది న్యూయార్క్ వాతావరణ రేడియో. రాత్రీ పగలూ ఆగకుండా మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. అది వినపడితే సెట్టు, స్పీకరు, యాంటెన్నా బాగానే ఉన్నాయి, తప్పు మీరు ఎక్కించిన ఫ్రీక్వెన్సీల్లో ఉంది. వినపడకపోతే స్క్వెల్చ్‌ని బుస్సుమనే దాకా తగ్గించి, బుస ఆగిన చోటుకి మాత్రమే వెనక్కి తిప్పండి. అంతకుమించి ఒక్క గీత తిప్పినా బలహీనమైన సిగ్నళ్లను మీరే తలుపేసి ఆపేసినట్టు. పరీక్ష అయ్యాక 162.550ని స్కాన్ జాబితాలోంచి తీసేయండి. "నా స్కానర్ ఒకే చానల్ దగ్గర ఆగిపోయి కదలట్లేదు" అని ఒకాయన వారం రోజులు వేధించాడు. ఆగదా మరి, అక్కడ మాట ఆగితేగా!

తర్వాత యాంటెన్నా. 154 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లకు కాస్త తక్కువ. అందులో పావు వంతు యాంటెన్నా కావాలి, అంటే 48 సెంటీమీటర్ల దగ్గర. 482 దగ్గరైతే 15 సెంటీమీటర్లు చాలు. లాగే రకం యాంటెన్నా ఉంటే టేపు పెట్టి కొలిచి లాగండి. ఎంత పొడుగు లాగితే అంత మంచిదనుకోవడం పొరపాటు. పెట్టెతో వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నా 154లో నామమాత్రంగానే పనిచేస్తుంది.

ఆ తర్వాత చోటు. కొత్త అపార్ట్‌మెంట్ల కిటికీ అద్దాలకు వేడిని ఆపే సన్నటి లోహపు పూత ఉంటుంది, అది రేడియోనీ ఆపుతుంది. స్కానర్‌ని చేత్తో పట్టుకుని గదిలో మెల్లగా నడవండి. 482 దగ్గర ఒక్క జానెడు పక్కకి జరిగితే చచ్చిపోయిన సిగ్నల్ లేచి కూర్చుంటుంది.

కారులో బాగా వస్తుందని కొందరు డాష్‌బోర్డు మీద పెట్టుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో అది చిక్కు. పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకోగల రిసీవర్‌ని అనుమతి లేకుండా వాహనంలో అమర్చుకుంటే అక్కడి వాహన చట్టం 397వ సెక్షన్ కింద నేరం. హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. న్యూయార్క్‌లోకి వెళ్లే సొరంగం దాటే ముందు గుర్తుపెట్టుకోండి. ఇండియాలో వైర్‌లెస్ పరికరాల చట్టాలు వేరు, ఇంకా గట్టివి. సంక్రాంతికి ఇంటికెళ్తూ సూట్‌కేసులో పెట్టుకుపోవద్దు.

వాతావరణం వినపడుతోంది, ఫైర్ వినపడట్లేదు

ఎవరో పాత జాబితా ఇచ్చారన్నమాట. మన్‌హాటన్ 154.250, బ్రూక్లిన్ 154.370, క్వీన్స్ 154.400, బ్రాంక్స్ 154.190, సిటీవైడ్ (నగరమంతటికీ) 154.430. ఇక్కడ ఈ సరదా ఉన్న పెద్దవాళ్లకు ఈ నంబర్లు నోటికొచ్చు. కానీ డిపార్ట్‌మెంట్ తర్వాత యూహెచ్‌ఎఫ్ అనే పై ఫ్రీక్వెన్సీల్లోకి, 482 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలకి వెళ్లింది. టీవీ చానల్ 16 జాగా అది. ఇలా టీవీ జాగాలో నడిచే రేడియోని టీ-బ్యాండ్ అంటారు. దాన్ని ఖాళీ చెయ్యాలని 2012లో చట్టం చేసి, 2020 డిసెంబరులో ఆ నిబంధన ఎత్తేశారు. కాబట్టి ఈ ఏడాది జాబితా దొరకబుచ్చుకుని రెండు బ్యాండ్లూ ఎక్కించుకోండి, ఏది గట్టిగా వస్తే అది ఉంచుకోండి.

డిస్పాచర్ వినపడుతున్నాడు, మంటల దగ్గరివాళ్లు వినపడట్లేదు

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఇది లోపం కాదు. అక్కడి ఏర్పాటే అంత. డిస్పాచర్ గొంతు ఎత్తైన చోట్ల పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్ల నుంచి వస్తుంది, బరో (మన్‌హాటన్, క్వీన్స్ లాంటి నగరంలోని ఒక్కో పెద్ద భాగం) అంతా పరుచుకుంటుంది. మంటల్లోకి వెళ్లినవాడి భుజాన ఉన్న హ్యాండీ-టాకీ కొద్ది వాట్లది. అది సింప్లెక్స్, అంటే మధ్యలో రిపీటర్ (అందుకున్న మాటని బలం పెంచి తిరిగి పంపే పెట్టె) లేకుండా ఒక సెట్టు నుంచి నేరుగా ఇంకో సెట్టుకి. మెట్ల మీదున్నవాడికీ కింద వాకిట్లో ఉన్న చీఫ్‌కీ అందితే చాలు దానికి. మీరు నాలుగు వీధుల అవతల ఉంటే అదృష్టం బాగుండాలి.

అంత పొట్టి రేడియోతో ఎందుకు నెట్టుకొస్తున్నారని అడగొచ్చు. రిపీటర్ ఎప్పుడైనా మొరాయించవచ్చు, పక్కపక్కనున్న ఇద్దరి మధ్య మాట మాత్రం ఆగకూడదు. 1993 బాంబు దాడి తర్వాత వరల్డ్ ట్రేడ్ సెంటర్ కోసం ప్రత్యేకంగా రిపీటర్ పెట్టారు. 2001 సెప్టెంబర్ 11 ఉదయం ఉత్తర టవర్ లాబీలోని చీఫ్‌లు పరీక్షిస్తే అది పనిచేయట్లేదనిపించింది, దాన్ని వదిలేశారు. దక్షిణ టవర్‌లో అదే రిపీటర్ చానల్ మీద మాట్లాడుతూ బెటాలియన్ చీఫ్ ఓరియో పామర్ 78వ అంతస్తు దాకా ఎక్కాడు. ఆ తర్వాతే పెద్ద భవనాల కోసం చీఫ్‌లు 45 వాట్ల పోస్ట్ రేడియో మోసుకెళ్లడం మొదలైంది. ఎత్తైన భవనంలో మంటలు లేచినప్పుడు మీకు హ్యాండీ-టాకీ చానల్ మీద ఒక్క గొంతే గట్టిగా, మిగతావి ముక్కలుగా వినపడితే, ఆ గట్టి గొంతు బహుశా ఈ పోస్ట్ రేడియోదే.

చేయగలిగిందల్లా ఒకటే. డిస్పాచ్ చానల్‌లో మీ పేట అడ్రస్ వినపడగానే స్కాన్ ఆపి, హ్యాండీ-టాకీ చానళ్ల మీదికి చేత్తో వెళ్లండి. కిటికీ తెరవండి. మేడ మీదికి వెళ్లగలిగితే ఇంకా మంచిది.

మాట వస్తోంది, కానీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది

మాడ్యులేషన్ సెట్టింగ్ చూడండి. 2013 జనవరి 1 నుంచి 154 ప్రాంతంలోని రేడియోలన్నీ 12.5 కిలోహెర్ట్జ్ ఇరుకు చానళ్లకు మారాయి. స్కానర్ మామూలు ఎఫ్‌ఎమ్‌లో ఉంటే వాల్యూమ్ ఎంత పెంచినా శబ్దం సన్నగానే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎమ్‌కి, అంటే ఇరుకు ఎఫ్‌ఎమ్‌కి, మార్చండి. టీ-బ్యాండ్‌కి ఆ గడువు వర్తించలేదు కాబట్టి 482 వైపు రెండూ పెట్టి చూసి, ఏది మనిషి గొంతులా ఉంటే దాన్ని ఉంచండి.

అన్నిట్లోనూ బుస, ఎఫ్‌ఎమ్ పాటలు, ఏదో గోల

ఇది నేను డబ్బు తగలేసి నేర్చుకున్న పాఠం. సిగ్నల్ ఇంకాస్త కావాలని యాంటెన్నాకు ఒక యాంప్లిఫయర్ తగిలించాను. అంతకుముందు వినపడేది కూడా పోయింది. నా కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, న్యూయార్క్ ఎఫ్‌ఎమ్ స్టేషన్లలో చాలావాటి యాంటెన్నాలు దాని నెత్తి మీదే ఉన్నాయి. ఆ ధాటికి స్కానర్‌లో సిగ్నల్‌ని మొదట అందుకునే భాగం ఉక్కిరిబిక్కిరైపోతుంది. నా యాంప్లిఫయర్ ఆ పాటలనే ఇంకా పెంచింది. తీసి పారేసి, 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ని కోసేసే ఎఫ్‌ఎమ్ నాచ్ ఫిల్టర్ పెట్టాను. బొటనవేలంత డబ్బా, యాంటెన్నాకీ స్కానర్‌కీ మధ్య బిగిస్తే సరి. అది కొనేముందు మెనూలో అటెన్యుయేటర్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి చూడండి. సిగ్నల్ తగ్గిస్తే మాట శుభ్రపడిందంటే మీ జబ్బు ఇదే.

శుభ్రపడకపోతే రోగం ఇంట్లోనే ఉంది. స్కానర్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఆపేయండి. బుస ఆగిందా? ఒక్కో బ్రేకర్ తిరిగి వేస్తూ పోండి. మా ఇంట్లో దొంగ పూజ గది ఎల్‌ఈడీ దీపాల అడాప్టరు.

వేరే ఊరివాళ్లు వచ్చి పడుతున్నారు

ఒకే ఫ్రీక్వెన్సీ దూరంలో ఉన్న ఇంకో కౌంటీకీ ఉంటుంది. ఒక్కో డిపార్ట్‌మెంట్ మాట అడుగున చెవికి ఆనని సన్నని టోన్ నడుస్తుంటుంది. స్కానర్‌లో టోన్ సెర్చ్ పెట్టి, మీ డిస్పాచర్ మాట్లాడేటప్పుడు కనిపించిన నంబరుని ఆ చానల్‌కి కట్టేయండి. పొరుగువాళ్లు మాయమవుతారు.

రోబో గొంతు, మాట మధ్యలో తెగిపోవడం

ఇది న్యూయార్క్ ఫైర్ సమస్య కాదు. హ్యూస్టన్ లాంటి ఊరికి ఉద్యోగం మారినవాళ్లది. అక్కడ ఫైర్ రేడియో పీ25 అనే డిజిటల్ పద్ధతిలో, ట్రంకింగ్ (కొన్ని ఫ్రీక్వెన్సీలను కంప్యూటర్ అందరికీ పంచే ఏర్పాటు) మీద నడుస్తుంది. మామూలు అనలాగ్ స్కానర్‌లో రంపపు కోత వినపడుతుందంతే. డిజిటల్ స్కానర్ ఉన్నా ఒక్కో ఫ్రీక్వెన్సీ విడిగా ఎక్కిస్తే పది సంభాషణల ముక్కలు కలిసి వస్తాయి. ఎవరి మాట ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో చెప్పే కంట్రోల్ చానల్ ఎక్కించి, ఫైర్ టాక్‌గ్రూపులు (ఒక్కో బృందం మాటల గుంపులు) ఎంచుకుంటేనే కథ నడుస్తుంది.

అన్నీ సరిగ్గా పెట్టినా గొంతు తెగుతుంటే అది సైమల్‌కాస్ట్. ఒకే మాటని చాలా టవర్లు ఒకేసారి పంపుతాయి. ఒక టవర్ ఇంకోదానికంటే కిలోమీటరు దూరంగా ఉంటే దాని సిగ్నల్ 3 మైక్రోసెకన్లకు పైగా ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిసి స్కానర్‌ని తికమక పెడతాయి. వింతేంటంటే, దీనికి మందు చిన్న యాంటెన్నా! ఒకే టవర్ గట్టిగా వినపడే మూల వెతకాలి. ఇది తట్టుకునేలా తయారైన యూనిడెన్ ఎస్‌డీఎస్100 2018లో వచ్చింది, ఖరీదెక్కువ. న్యూయార్క్ ఫైర్ డిస్పాచ్ ఒక్కటే వినేవాళ్లకు అది అక్కర్లేదు. ఇక్కడ 2001 మార్చిలో కొత్త డిజిటల్ హ్యాండీ-టాకీలు ఇచ్చారు. ఒక ఫైర్‌ఫైటర్ మేడే (ప్రాణాపాయం) పిలుపు అక్కడున్నవాళ్లకు వినపడకపోవడంతో ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. తర్వాత అవే సెట్లు అనలాగ్‌లో నడిచేలా మార్చి ఇచ్చారు.

తెర మీద ఎన్‌క్రిప్షన్ (మాటకు వేసిన తాళం) గుర్తు పడితే మాత్రం మందు లేదు. న్యూయార్క్ పోలీసులు 2023లో బ్రూక్లిన్‌తో మొదలుపెట్టి తమ చానళ్లకు తాళం వేస్తూ వచ్చారు. దాన్ని తెరవడం చట్టవిరుద్ధం, ఆ జోలికి పోకండి.

వినపడుతోంది, అర్థం కావట్లేదు

ముందు స్కాన్ డిలే 2 సెకన్లు పెట్టండి, లేకపోతే డిస్పాచర్ ప్రశ్న వినపడుతుంది, జవాబు వచ్చేలోపు స్కానర్ వెళ్లిపోతుంది. ఇరవై చానళ్లు ఎక్కించకండి, మీ బరో, సిటీవైడ్, హ్యాండీ-టాకీ చాలు. ఇక భాష. "బాక్స్" అని ఒక నంబరు చెప్తారు, అది వీధి మూలల్లో టెలిగ్రాఫ్ అలారం పెట్టెలున్న కాలం నుంచి వస్తున్న అడ్రస్. 10-84 అంటే చేరుకున్నాం. 10-75 అంటే నిజంగానే మంటలున్నాయి, ఇక ఆ చానల్ వదలకండి. "ఆల్ హ్యాండ్స్" అంటే వచ్చిన కంపెనీలన్నీ, అంటే బృందాలన్నీ, పనిలోకి దిగాయి. 10-76 అంటే ఎత్తైన వాణిజ్య భవనంలో మంటలు. 10-92 అంటే ఎవడో కావాలని చేసిన దొంగ అలారం.

"అన్నా, మరి ప్రతివాడూ చివర్లో 'కే' అంటాడెందుకు?" అన్నాడు మావాడు. అది టెలిగ్రాఫ్ నాటి అలవాటు, నా మాటైంది, ఇక నువ్వు చెప్పు అని. మొన్న మా పిన్నికి వాట్సాప్‌లో "భోంచేశా, కే" అని పెట్టాడట. వీడికి ఏమైందిరా అని ఆవిడ నాకు ఫోన్ చేసింది.