తెలంగాణ సాయుధ పోరాటంలో ఆయుధం పట్టిన స్త్రీ చరిత్రను నమోదు చేయడం ఎలా

మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో దళంతో కలిసి నడిచిన స్త్రీ ఉన్నారని తెలిస్తే, ఆమె చరిత్రను వెంటనే రాయడం మొదలుపెట్టండి. ఆ తరంవారు దాదాపు కనుమరుగయ్యారు కనుక, పిల్లలు, మనవలు, ఊరి పెద్దలు చెప్పేదే ఇక ముఖ్యాధారం.

మొట్టమొదట ఆమెకున్న పేర్లన్నీ సేకరించండి. మల్లు స్వరాజ్యం తలకు నిజాం ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టిన రోజుల్లో ఆమె దళంలో రాజక్కగా తిరిగారు. ఆరుట్ల కమలాదేవి పుట్టింటి పేరు రుక్మిణి. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు, అంటే ఆ ప్రాంతపు పెద్ద భూస్వామికి, ఎదురు నిలిచి తన పంటను కాపాడుకున్న చిట్యాల ఐలమ్మను లోకం చాకలి ఐలమ్మ అని కులం పేరుతోనే ఎరుగును. పాత కాగితాల్లో ఫలానా వ్యక్తి భార్య అని మాత్రమే ఉండవచ్చు కాబట్టి, భర్త పేరు, తండ్రి పేరు కూడా దగ్గర ఉంచుకొని హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకాలి.

తేదీలు అడిగితే ఎవరూ చెప్పలేరు. అందరికీ గుర్తున్న సంఘటనలతో పోల్చి అడగండి. కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన 1946 జూలైకి ముందా, తరువాతా? నిజాం పక్షాన రజాకార్ల సాయుధ మూకలు ఊళ్ల మీద పడుతున్న కాలమా, 1948 సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం దిగిన తరువాతా? ఈ చివరి ప్రశ్నను మాత్రం వదలకండి. సైన్యం వచ్చాక దళాలు అడవులు పట్టాయి, పోరాటం తీరే మారిపోయింది.

ఆమె ఉద్యమానికి సాయం చేశారా అని ఎన్నడూ అడగవద్దు, ఎందుకంటే ఆ ప్రశ్నకు అవును, అన్నం వండి పెట్టింది అనే జవాబే వస్తుంది, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. వడిసెల తిప్పడం ఎవరు నేర్పారు, గడీ (దొర కోట) మనుషుల మీదికి కారం, రోకళ్లు పట్టుకొని వెళ్లినప్పుడు ముందు నిలిచిందెవరు, తుపాకీ ఎప్పుడు చేతికిచ్చారు, రాత్రి కాపలా వంతు ఆడవాళ్లకు ఉండేదా, రహస్య సందేశాల చీటీలు ఎక్కడ దాచుకొని తీసుకుపోయేవారు అని విడివిడిగా అడగండి. నెలసరి, కాన్పు గురించి కూడా అడగాలి. వీలైతే ఇంటి ఆడవాళ్లతోనే అడిగించండి. 1980లలో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు ఈ పోరాట స్త్రీలను కలిసి మాట్లాడించినప్పుడు, పసిబిడ్డలను వదిలి వెళ్లవలసి రావడం, పోరాటం ముగిశాక ఇళ్లకు వెళ్లిపొమ్మనడం వంటి బాధలు బయటికొచ్చాయి. అలాంటి మాట దగ్గర తొందరపెట్టకండి. రికార్డింగు ఆపమంటే ఆపేయండి.

రాసేటప్పుడు ఆమె స్వయంగా చెప్పిందేదో, మనవడు విన్నదేదో వేరుగా చూపండి. ఇద్దరు వేర్వేరుగా చెబితే రెండూ ఉంచండి. గొప్పగా ఉన్నదాన్నే ఎంచుకోవడం ఆమెకు చేసే అన్యాయం. 1951 అక్టోబరులో పోరాట విరమణతో కథను ముగించకండి. ఆ తరువాత ఆమె ఏ పని చేసి బతికారు, పాత సహచరులు ఆమెను పలకరించారా, ఊరు ఎలా చూసింది అన్నవి తప్పక రాయండి. చివరగా, రాసినదంతా ఆ కుటుంబానికి చదివి వినిపించి, ఊళ్ల పేర్లు, వరుసలు సరిచేయించి, వారు సమ్మతించాకే బయటికివ్వండి.