లిఫ్ట్ కిట్ వేశాక బండి తేడాగా నడుస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

ఇంట్లోనే లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే పార్టుల సెట్టు) బిగించుకుని మొదటి రౌండ్ వెళ్లొచ్చాక చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. స్టీరింగ్ వంకరగా ఉంటుంది, కింద ఎక్కడో టక్ టక్ మంటుంది, 80 దాటగానే బండి వణుకుతుంది. కిట్టే మంచిది కాదేమో అనుకుని ఇంకో పార్టు ఆర్డర్ పెట్టేస్తారు. తొందరపడకండి. బండి 50 మి.మీ. లేచిందంటే ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఉన్న ప్రతి రాడ్డుకీ, ప్రతి షాఫ్టుకీ కోణం మారినట్టే. ఇప్పుడు కనిపిస్తున్న ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ కోణాల వల్ల వచ్చినవే, లేదా బోల్టులు బిగించిన తీరు వల్ల వచ్చినవే. రెండూ ఇంట్లోనే కనిపెట్టవచ్చు.

కిందకి దూరే ముందు బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి, చక్రాలకి అడ్డుకట్టలు ఉండాలి, బరువు జాక్ స్టాండ్ల మీద ఉండాలి. ఒక్క జాక్‌ను నమ్మి బండి కిందకి వెళ్లకండి.

బ్రేక్ మెత్తగా దిగుతోంది, లేదా మునుపటిలా పట్టడం లేదు

మిగతావన్నీ ఆగవచ్చు, ఇది ఆగదు. ఇది సరయ్యే వరకు బండి రోడ్డెక్కకూడదు.

పని మధ్యలో బ్రేక్ పైపు విప్పి ఉంటే లోపలికి గాలి చేరి ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయాలి. విప్పకపోయినా సరే, రబ్బరు బ్రేక్ పైపుల పొడవు చూడండి. బండిని ఛాసిస్ దగ్గర ఎత్తి, చక్రాలు పూర్తిగా కిందికి వేలాడేలా వదిలి, స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పండి. ఏ స్థితిలోనైనా పైపు తాడులా బిగుసుకుంటే అది పొట్టిదే. పొడవైన పైపు వేయాలి, లేదా పైపును ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్‌ను కిందికి దించాలి. పక్కనే వెళ్లే ఏబీఎస్ వైరును కూడా అప్పుడే చూసుకోండి. లిఫ్ట్ తర్వాత ఏబీఎస్ లైటు వెలిగితే మొదట అనుమానించాల్సింది లాగబడిన ఆ వైరునే.

చాలామందికి తట్టని కారణం ఇంకొకటి ఉంది. కొన్ని బళ్లలో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య చిన్న లింకుతో పనిచేసే లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. వెనక భాగం పైకి లేస్తే బండిలో బరువు లేదని అది అనుకుంటుంది, వెనక బ్రేకులకి వెళ్లే ఒత్తిడి తగ్గిస్తుంది. లిఫ్ట్ చేశాక బండి ఎప్పుడూ ఖాళీగానే ఉన్నట్టు దానికి లెక్క. పెంచిన ఎత్తుకి సరిపోయేలా ఆ లింకుకి బ్రాకెట్ వేసి పాత కోణానికి తీసుకురావాలి.

గతుకుల్లో టక్ టక్, కిర్రు కిర్రు

మొదట టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంతో బిగిసిందో చూపే రెంచ్) పట్టుకుని మీరు ముట్టుకున్న ప్రతి బోల్టూ సరిచూడండి. కొత్త పార్టులు సర్దుకునేటప్పుడు బోల్టులు కొంచెం వదులవడం సహజం. మొదటి 100 కి.మీ. తర్వాత ఒకసారి, మళ్లీ 500 దాటాక ఒకసారి చూడటం మంచి అలవాటు. కమానులున్న బండి అయితే, వాటిని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టుల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. పాత యూ బోల్టులు ఒకసారి సాగినవి, వాటిని తిరిగి వాడకూడదు.

బోల్టులన్నీ గట్టిగానే ఉంటే కాయిల్ స్ప్రింగ్ చివర దాని గూట్లో సరిగ్గా కూర్చుందా, స్టెబిలైజర్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే రాడ్డు) లింకు దేనికైనా తగులుతోందా, షాక్ అబ్జార్బర్ పైన వాషర్లు తారుమారయ్యాయా చూడండి. కిర్రుమనే శబ్దం పాలీయూరిథేన్ బుష్‌లదైతే (జాయింట్లలో రబ్బరుకి బదులు వేసే గట్టి తొడుగులు) విప్పి, కిట్‌తో వచ్చిన గ్రీజు గానీ సిలికాన్ గ్రీజు గానీ రాసి మళ్లీ వేయండి.

సస్పెన్షన్ రాయిలా ఉంది, బండి ఒక పక్కకి ఒరిగింది

ఇంట్లో చేసే పనిలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇక్కడే ఉంటుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేయి) బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. రబ్బరు బుష్ లోపల ఇనుప గొట్టం ఉంటుంది, రబ్బరు దానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం బ్రాకెట్‌కి పట్టేస్తుంది. అక్కడి నుంచి చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మెలిపడేది రబ్బరే. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, బండి నేల మీదకి దిగిన క్షణం నుంచే బుష్ మెలిపడి ఉంటుంది. అది అదనపు స్ప్రింగ్‌లా ఎదురుతంతుంది, ఎడమా కుడీ సమానంగా ఉండవు, కొన్నాళ్లకి రబ్బరు చిరిగిపోతుంది.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. బండిని చక్రాల మీద నిలబెట్టి, బుష్ బోల్టులన్నీ వదులు చేసి, బండిని పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఊపి, ఆ ఎత్తులోనే కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించండి. నేను మొదటిసారి ఇలా వదులు చేసి బిగించినప్పుడు వంకరగా నిలబడిన బండి కళ్ల ముందే సర్దుకుంది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు ఈ పనే చెబుతాను.

ఒరుగుదల ఎంతో తెలుసుకోవాలంటే నేల నుంచి కొలవకండి, టైర్లలో గాలి తేడా కూడా అందులో కలిసిపోతుంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. బుష్‌లు సరిచేశాక కూడా తేడా ఉంటే స్ప్రింగుల మీద గుర్తులు చూడండి. కొన్ని కిట్లలో కుడి, ఎడమ స్ప్రింగులు వేరువేరు ఎత్తులో వస్తాయి, అవి మారిపోయి ఉండవచ్చు. కొత్త స్ప్రింగులు మొదటి వారాల్లో కొద్దిగా దిగుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

రెండు పక్కలూ సమానంగా ఉండి కూడా గట్టిగా ఉంటే స్ప్రింగు ఏ బరువుకి తయారైందో చూసుకోండి. ముందు విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), ఇనుప బంపర్ ఉన్న బండి కోసం చేసిన స్ప్రింగు ఖాళీ బండిలో గట్టిగానే ఉంటుంది. పాత పొట్టి షాక్ అబ్జార్బర్లనే ఉంచేస్తే, చక్రం గుంటలో దిగినప్పుడు అవి పూర్తిగా సాగి దడేలున కొడతాయి. ఎత్తుకి తగిన పొడవు ఉన్నవి వేయడమే మార్గం.

స్టీరింగ్ వంకరగా ఉంది, బండి రోడ్డు మీద తిరుగాడుతోంది

ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న జిమ్నీ, రాంగ్లర్ లాంటి బళ్లలో దీనికి మూడు కారణాలు ఒకేసారి కలుస్తాయి, అందుకే గందరగోళంగా అనిపిస్తుంది.

స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్డు డ్రాగ్ లింక్. దాని కోణం పెరిగితే దాని అడ్డం పొడవు తగ్గుతుంది, స్టీరింగ్ వీల్ పక్కకి తిరిగి కూర్చుంటుంది. అడ్జస్టర్ ఉంటే పొడవు సరిచేయండి. స్టీరింగ్ వీల్‌ను ఊడదీసి తిరిగి నిటారుగా పెట్టుకోవడం పరిష్కారం కాదు. కొత్త బళ్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ లెక్క తప్పి, స్టెబిలిటీ కంట్రోల్ లైటు వెలుగుతుంది.

యాక్సిల్ పక్కలకి జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్డుది కూడా ఇదే కథ. దాని ఒక చివర ఛాసిస్‌కి, రెండోది యాక్సిల్‌కి. బండి లేచినప్పుడు యాక్సిల్ మొత్తం, రాడ్డు ఛాసిస్‌కి కలిసిన వైపుకి జరుగుతుంది. ఒక పక్క టైరు ఫెండర్ నుంచి బయటికి వచ్చినట్టు కనిపిస్తే ఇదే. పొడవు మార్చుకునే పాన్‌హార్డ్ రాడ్డు వేయండి. బ్రాకెట్‌తో రాడ్డు ఒక చివర ఎత్తు మార్చేటట్టయితే మాత్రం, అది డ్రాగ్ లింక్‌కి సమాంతరంగా ఉండేలా చూసుకోండి. సమాంతరం తప్పితే గతుకు ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది.

మూడోది క్యాస్టర్, అంటే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలిన కోణం. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం లేదంటే క్యాస్టర్ తగ్గిందని అర్థం. క్యాస్టర్ బుష్‌లు గానీ, అడ్జస్టబుల్ ఆర్ములు గానీ, ఆర్ములని దించే బ్రాకెట్లు గానీ వేయాలి. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, యాక్సిల్‌ను తిప్పి క్యాస్టర్ పెంచితే ముందు డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని డిఫరెన్షియల్‌కి చేర్చే షాఫ్టు) కోణం ఇంకా పెరుగుతుంది. అందుకే కావలసినంతే పెంచాలి. ఇవన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు భయంకరంగా ఊగిపోతున్నాయి

వేగం మెల్లగా తగ్గించి పక్కకి ఆపండి. చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) మారుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. డ్యాంపర్ రోగాన్ని దాస్తుంది, తగ్గించదు. ఏదో జాయింటులో ఆట (వదులు) ఉంది, దాన్ని పట్టుకోవాలి. బండి నేల మీద, ఇంజన్ ఆన్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు ప్రతి జాయింటూ చూడాలి. పాన్‌హార్డ్ రాడ్డు బోల్టు రంధ్రంలో కదులుతుందేమో ముందు చూడండి. ఎక్కువసార్లు దొరికేది అక్కడే. ఆ తర్వాత టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు, టైర్ల బ్యాలెన్సింగ్.

వేగం పెరిగితే వణుకు

వణుకు యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెరిగి, వదిలినప్పుడు తగ్గితే అనుమానం ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా ఒకే వేగంలో వస్తుంటే టైర్ల బ్యాలెన్సింగ్ ముందు చూడాలి. రెండు చివర్లా ఒక్కో క్రాస్ (యూనివర్సల్ జాయింటు) ఉన్న షాఫ్ట్‌లో ఆ రెండు కోణాలూ సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టి కొలవవచ్చు. తేడా ఉంటే కమానుల కింద వాలు షిమ్ములతోగానీ అడ్జస్టబుల్ ఆర్ములతోగానీ పినియన్‌ను (షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ ముక్కు) సరైన కోణానికి తిప్పాలి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు షాఫ్ట్ విప్పేసి టూ వీల్ డ్రైవ్‌లో ఒకసారి నడిపి చూడండి, వణుకు పోతే ఆ షాఫ్టే కారణం.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటే

హైలక్స్ లాంటి బళ్లలో స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన పార్టు) పైన 25 మి.మీ. స్పేసర్ వేస్తే చక్రం దగ్గర ఎత్తు సుమారు రెట్టింపు పెరుగుతుంది. ఇది తెలియక 50 మి.మీ. స్పేసర్ వేసేవాళ్లున్నారు. మలుపులో కటకట శబ్దం, సీవీ బూట్ (చక్రానికి వెళ్లే షాఫ్టు జాయింటు మీది రబ్బరు తొడుగు) చిరగడం, గ్రీజు చిమ్మడం దీని ఫలితాలే. ఎత్తు తగ్గించండి, లేదా డిఫరెన్షియల్‌ను కిందికి దించే కిట్ వేయండి. స్ట్రట్ మీరే విప్పుతుంటే, స్ప్రింగు కంప్రెసర్‌లో పూర్తిగా పట్టి ఉండకుండా పైన ఉన్న మధ్య నట్టు ముట్టుకోవద్దు. ఆ స్ప్రింగులో ఉన్న బలం మనిషి ప్రాణం తీయగలదు.

టైరు లోపల రాసుకుంటే బంప్ స్టాప్‌లూ (చక్రం మరీ పైకి రాకుండా ఆపేవి) స్టీరింగ్ స్టాపులూ (మరీ ఎక్కువ తిరగకుండా ఆపేవి) చూసుకోండి. ఎదురొచ్చే వాళ్లు పదేపదే లైటు కొడుతుంటే మీ హెడ్‌లైట్లు పైకి లేచాయి. చీకటి పడ్డాక గోడ ముందు నిలబెట్టి, మీ బండికి మాన్యువల్‌లో ఇచ్చిన దూరం, ఎత్తు ప్రకారం కిందికి దించండి.