భద్రతా వార్తను చదవడం, 4వ పాఠం: ఆ యూనిఫాం ఎవరి కింద ఉంది?

గత పాఠంలో రాజ్యాంగం ఏడో షెడ్యూల్ చూశాం. దేశ రక్షణ కేంద్ర జాబితాలో ఉంటుంది, పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో ఉంటాయి అని రాసుకున్నాం. అది మరిచిపోయినవాళ్లు ఒకసారి నోట్సు తిరగేసి రండి. ఇవాళ్టి పాఠానికి అదే ఆధారం.

ఈసారి నేర్చుకోవాల్సింది ఒక అలవాటు. వార్తలో ఏ బలగం పేరో, ఏ సంస్థ పేరో కనబడగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఏ శాఖ కింద ఉంది? ఏ చట్టం దానికి అధికారం ఇచ్చింది? అక్కడికి ఎవరు పిలిస్తే వచ్చింది? నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకుని, పైన ఈ మూడూ రాసుకోండి.

మొదటి గడితో మొదలుపెడదాం. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది జవాన్లు చనిపోయారు. అప్పుడు చాలామంది వాళ్లను ‘ఆర్మీ జవాన్లు’ అన్నారు. వాళ్లు సీఆర్పీఎఫ్ వాళ్లు. సీఆర్పీఎఫ్ రక్షణ శాఖలో లేదు, కేంద్ర హోం శాఖలో ఉంది. 1939లో బ్రిటిష్ వాళ్ల హయాంలో పుట్టిన ఆ బలగానికి 1949 చట్టంతో ఇప్పటి పేరు వచ్చింది. శాఖ ఏదైతేనేం అనుకోకండి. 2004 జనవరి 1 తర్వాత చేరిన సీఆర్పీఎఫ్ జవాన్లను కొత్త పింఛను పథకంలో పెట్టారు, సైన్యాన్ని మాత్రం దాన్నుంచి మినహాయించారు. ఆ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఇంట్లో సీఆర్పీఎఫ్ మనిషి ఉన్న కుటుంబానికి ఈ తేడా నెలనెలా తెలుస్తూనే ఉంటుంది. ‘ఆర్మీ’ అని రాసిన వార్త ఆ కుటుంబం ఎవరిని అడగాలో తప్పుగా చెబుతుంది.

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖవి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, సీఐఎస్ఎఫ్, ఎన్ఎస్‌జీ హోం శాఖవి. సరిహద్దుల్లో పాకిస్తాన్, బంగ్లాదేశ్ వైపు బీఎస్ఎఫ్, చైనా వైపు ఐటీబీపీ, నేపాల్, భూటాన్ వైపు ఎస్ఎస్‌బీ, మయన్మార్ వైపు అస్సాం రైఫిల్స్ ఉంటాయి. ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. అస్సాం రైఫిల్స్ జీతాలు, పరిపాలన హోం శాఖ చూస్తుంది, ఆపరేషన్లు మాత్రం ఆర్మీ చేతిలో ఉంటాయి. కాబట్టి మొదటి గడిలో రెండు పేర్లూ రాయాల్సిందే.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. చైనా సరిహద్దు ఐటీబీపీది అయితే, 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన 20 మంది ఆర్మీ వాళ్లెలా అయ్యారు? సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా అక్కడెందుకు ఉన్నారు? కారణం ఏమిటంటే, వాస్తవాధీన రేఖ ఇంకా తేలని గీత. అక్కడ మామూలు కాపలా ఐటీబీపీకి అప్పగించినా ఆర్మీ కూడా ఉంటుంది. ఒకే కొండ మీద రెండు శాఖల మనుషులు నిలబడి ఉంటారు. పాకిస్తాన్ వైపు నియంత్రణ రేఖ మీద ఉన్న బీఎస్ఎఫ్ ఆర్మీ ఆపరేషనల్ కంట్రోల్‌లో పనిచేస్తుంది. చైనా వైపు ఆ ఏర్పాటు లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గొడవ జరిగిన రాత్రి ఆర్డర్ ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న దీని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు విశాఖ తీరానికి వద్దాం. ఈ పాఠం మొత్తంలో నేను ఎక్కువసేపు కూర్చోమనేది ఇక్కడే. భీమిలి ముందు సముద్రంలో ఒక అనుమానాస్పద బోటు కనబడిందని వార్త వచ్చిందనుకోండి. ఒడ్డుకు దగ్గరలో ఆపితే మెరైన్ పోలీసులు ఆపాలి. వాళ్లు రాష్ట్ర పోలీసులు, అంటే రాష్ట్ర హోం శాఖ. ఇంకాస్త లోపల కోస్ట్‌గార్డ్ ఉంటుంది. దానికి 1978 చట్టం ఉంది, శాఖ రక్షణ శాఖ. మొత్తం సముద్ర భద్రత బాధ్యత నేవీది, తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది. బోటు పోర్టు గేటు దాకా వస్తే అక్కడ కాపలా కాసేది సీఐఎస్ఎఫ్, మళ్లీ కేంద్ర హోం శాఖ. బోటులో బంగారం దొరికితే కస్టమ్స్ వాళ్లో, స్మగ్లింగ్ మీద నిఘా పెట్టే డీఆర్‌ఐ వాళ్లో వస్తారు. వాళ్లు ఆర్థిక శాఖ మనుషులు. ఒక్క బోటు కోసం మూడు కేంద్ర శాఖలు, ఒక రాష్ట్ర శాఖ కదలాలి.

ఇంతమంది ఎందుకున్నారో తెలియాలంటే 2008 నవంబరు 26 గుర్తు చేసుకోవాలి. ఆ రాత్రి పదిమంది సముద్రం మీదుగా, మన జాలర్ల ట్రాలర్‌నే లాక్కుని ముంబై చేరారు. నేవీ ఉంది, కోస్ట్‌గార్డ్ ఉంది, పోలీసులున్నారు, అయినా తీరం మొత్తానికి బాధ్యుడు ఫలానా అని చెప్పే ఏర్పాటు లేకపోయింది. 2009లో నేవీకి ఆ బాధ్యత అప్పగించారు. ఎన్ఎస్‌జీ కమాండోలు అప్పట్లో హర్యానాలోని మనేసర్‌లోనే ఉండేవాళ్లు, ముంబై చేరేసరికి తెల్లారింది. అందుకే తర్వాత హైదరాబాద్ సహా కొన్ని నగరాల్లో ఎన్ఎస్‌జీ కేంద్రాలు పెట్టారు. ఉగ్రవాద కేసులు దర్యాప్తు చేసే ఎన్ఐఏకి చట్టం కూడా ఆ డిసెంబరులోనే వచ్చింది.

ఎన్ఐఏ పేరు వచ్చింది కాబట్టి మూడో గడి నింపుదాం. సీబీఐ 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం మీద నడుస్తుంది. ఆ చట్టం ప్రకారం రాష్ట్రంలో దర్యాప్తు చేయాలంటే రాష్ట్రం సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో సాధారణ సమ్మతిని, అంటే ప్రతి కేసుకూ విడిగా అడగక్కర్లేని ముందస్తు అనుమతిని, వెనక్కి తీసుకుని, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో మళ్లీ ఇచ్చింది. తెలంగాణ 2022లో వెనక్కి తీసుకుంది. హైకోర్టో, సుప్రీంకోర్టో ఆదేశిస్తే మాత్రం సమ్మతి లేకపోయినా సీబీఐ రావచ్చు. ఎన్ఐఏకి అసలు ఆ సమ్మతితో పనే లేదు, కేంద్రం తనంతట తానే కేసు అప్పగించవచ్చు. కాబట్టి ‘కేంద్ర సంస్థ దర్యాప్తు’ అని వార్తలో ఉంటే అక్కడితో ఆగకండి, ఏ సంస్థో చూసుకోండి. ఇక మావోయిస్టుల వేటకు పెట్టిన గ్రేహౌండ్స్‌కి ఎవరూ పిలవాల్సిన పని లేదు. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనే పుట్టింది కాబట్టి అది రాష్ట్రం సొంత బలగం.

రెండో గడిని చివరికి ఉంచాను, కావాలనే. ఇప్పటిదాకా చెప్పిన కేంద్ర బలగాలకు ఆ గడిలో రాయడానికి చట్టం పేర్లున్నాయి. దేశం లోపలి నిఘా చూసే ఐబీ దగ్గరికి వచ్చేసరికి గడి ఖాళీ. 1887 నాటి మూలాలున్న ఐబీ హోం శాఖ కింద ఉంది. 1968లో ఐబీ నుంచి విడదీసి ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో పెట్టిన విదేశీ నిఘా సంస్థ ‘రా’ కేబినెట్ సచివాలయంలో ఉంటుంది, అంటే నేరుగా ప్రధానికి. రెండూ ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడిచేవే, పార్లమెంటు చట్టం మీద కాదు. సమాచార హక్కు చట్టం కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలను మినహాయిస్తే వీటిని తాకదు. బ్రిటన్ తన దేశీయ నిఘా సంస్థకు 1989లో, విదేశీ నిఘా సంస్థకు 1994లో చట్టాలు చేసి, ఎంపీల కమిటీకి కొంత పర్యవేక్షణ అప్పగించింది. మన దగ్గర అలాంటి చట్టం కోసం 2011లో ఎంపీ మనీశ్ తివారీ ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపే జవానుకు చట్టం ఉంది, హద్దులున్నాయి, దాటితే శిక్ష ఉంది. మన ఫోను వినగలిగే సంస్థకు సొంత చట్టం లేదు. ట్యాపింగ్‌కు కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా అనుమతి ఇవ్వాల్సింది హోం కార్యదర్శి. దాన్ని సమీక్షించే కమిటీలోనూ అధికారులే ఉంటారు, జడ్జి గానీ ఎంపీ గానీ ఉండరు. రహస్యం అవసరమే, ఎవరూ కాదనరు. కానీ రహస్యంగా పనిచేయడం వేరు, ఎవరికీ లెక్క చెప్పకపోవడం వేరు. ఈ రెండో గడి ఖాళీగా కనిపించినప్పుడల్లా దాన్ని అలాగే ఖాళీగా వదిలేయండి, ఏదో ఒకటి రాసి నింపకండి.

అభ్యాసం: ఈ వారం పత్రికలో వచ్చిన మూడు భద్రతా వార్తలు తీసుకుని గడులు నింపండి. ఒక్కోదాని పక్కన, దాని మీద లోక్‌సభలో ప్రశ్న వస్తే ఏ మంత్రి లేచి జవాబు చెప్పాలో కూడా రాయండి. విశాఖ స్టీల్‌ప్లాంట్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్‌కి సంబంధించిన వార్త దొరికితే తప్పక తీసుకోండి, ఎందుకంటే ప్లాంట్ ఉక్కు శాఖది, కాపలా హోం శాఖది.

5వ పాఠంలో, విడివిడిగా ఉన్న ఈ సంస్థలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నాలు చూద్దాం. 1998లో వచ్చిన జాతీయ భద్రతా మండలి, కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ, 2020 జనవరి 1న బాధ్యతలు చేపట్టిన మొదటి సీడీఎస్ (త్రిదళాధిపతి) జనరల్ బిపిన్ రావత్, ఈ వరసలో చదువుకుందాం. గడులు గీసిన నోట్‌బుక్ అప్పుడూ కావాలి.